గోదావరికి రెండు రాత్రులు: రాజమండ్రి, భద్రాచలం, దిండి... ఎక్కడ దిగాలి?

పోయిన నెల హైదరాబాద్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, డిసెంబర్లో రెండు రాత్రులు, మూడు పగళ్లు వీలు పడింది. పాపికొండల బోటు, మారేడుమిల్లి, భద్రాచలంలో దర్శనం, కోనసీమలో హౌస్‌బోటు. ఏ వరసలో పెట్టుకోమంటావు?" అన్నాడు. వెంట భార్య, ఐదేళ్ల పాప. పైగా అమ్మమ్మ, అంటే మా అమ్మ, మోకాళ్ల నొప్పులతోనే తానూ వస్తానందట.

ఏ వరసలో పెట్టినా అవన్నీ మూడు రోజుల్లో పట్టవు. పట్టించాలని చూస్తే చూసేది గోదావరిని కాదు, ముందు సీటు వెనకభాగాన్ని. మాది గోదావరి జిల్లా కావడంతో ఇలాంటి ఫోన్లు నాకు ఏటా కార్తీకం ముందు నుంచి మొదలవుతాయి. అందరికీ ఒకటే మాట చెబుతుంటాను. రెండు రాత్రులూ ఒకే ఊళ్లో పడుకోండి. ఆ ఊరు ఏదన్నది ఫోటోలు చూసి కాదు, మీరు వెళ్లే నెలని బట్టి, మీతో వచ్చే మనుషుల్ని బట్టి తేల్చుకోండి.

మూడు ఊళ్లూ ఒకే నది మీద ఉన్నాయి గానీ, కనిపించే గోదావరి ఒకటి కాదు. భద్రాచలం దాటాక కొంత దూరం వెళ్లేసరికి నది కొండల మధ్య ఇరుక్కుని సన్నబడుతుంది. పాపికొండలు అనే పేరు పాపిడి నుంచి వచ్చిందంటారు. జుట్టు మధ్య పాపిడిలా కొండల మధ్య నది అన్నమాట. ఆ కొండల్లోంచి బయటపడి రాజమండ్రి చేరేసరికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాదాపు మూడు కిలోమీటర్లు. ధవళేశ్వరం బ్యారేజీ దాటాక గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలిపోతుంది. కోనసీమలోని దిండి దగ్గర మీరు చూసేది వశిష్ఠని. అక్కడికి సముద్రం దగ్గర కాబట్టి నీళ్లకి ఆటుపోట్లు కూడా ఉంటాయి. కొండల గోదావరి, ఊరి గోదావరి, కొబ్బరితోటల గోదావరి. మీకు ఏది కావాలో ముందు అనుకుంటే సగం పని అయిపోయినట్టే.

ముందు నెల చూసుకోండి

జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఎర్రనీళ్ల కాలం. బోటు షికారు మాట మర్చిపోండి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71 దాటింది. ఈ అంకెలు ఎందుకు చెబుతున్నానంటే, ప్రయాణానికి వారం ముందు నుంచి వార్తల్లో చూడాల్సింది వాతావరణం ఒక్కటే కాదు, భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులు అన్నది కూడా. మీ ఊళ్లో ఎండ కాస్తూ ఉండొచ్చు. ఎక్కడో ఎగువన పడిన వానకి గోదావరి ఇక్కడ పోటెత్తుతుంది.

2019 సెప్టెంబర్ 15 గుర్తుంది కదా. వరద ఉండగానే పాపికొండలకి బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. పదుల మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత చాలా కాలం బోట్లు ఆపేశారు. మళ్లీ మొదలయ్యాక అనుమతులు, తనిఖీలు గట్టిపడ్డాయి. నీళ్లు పెరిగితే బోటు రద్దు చేస్తారు. రద్దు చేసినందుకు అక్కడ గొడవ పడేవాళ్లని నేను చూశాను. దండం పెట్టి వెనక్కి రావాల్సిన చోట గొడవేంటి?

నాకూ ఒకసారి దెబ్బ తగిలింది. అక్టోబర్ మొదటి వారం. ఒక ఏజెంటు దగ్గర ఫోన్లోనే టికెట్లు కొని, తెల్లారకుండా లేచి, పిల్లల్ని నిద్ర కళ్లతో కారెక్కించి రేవుకి చేరితే ఆ రోజు బోట్లు లేవన్నారు. నీళ్లు ఎక్కువున్నాయట. ఆ సంగతి ముందురోజు సాయంత్రమే తెలుసట, మాకు చెప్పలేదంతే. డబ్బులు తిరిగి రావడానికి నెలన్నర పట్టింది. అప్పటి నుంచి రెండు అలవాట్లు చేసుకున్నాను. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి అడగడం ఒకటి. బోటు లేకపోతే ఆ పగలు ఏం చేయాలో ముందే అనుకుని పెట్టుకోవడం రెండోది.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అసలు సీజన్. నీళ్లు తేటగా, ఎండ మెత్తగా ఉంటాయి. కాకపోతే కార్తీక సోమవారాల్లో రాజమండ్రి ఘాట్లు కిక్కిరిసి ఉంటాయి. సంక్రాంతికి కోనసీమలో గది దొరకడం కంటే గోదారి తల్లి ప్రత్యక్షం కావడం తేలిక. అయినా దొరికితే వదులుకోవద్దు, కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాల్సిందే. మార్చి తర్వాత ఎండ మండిపోతుంది. రాజమండ్రి వేసవిని తట్టుకోవడం రాజమండ్రి వాళ్లకే కష్టం, మీకు చెప్పాలా. శ్రీరామనవమికి భద్రాచలం వెళ్లాలనుకుంటే అది విహారం కాదు, యాత్ర. ఆ లెక్క వేరు. 2027లో పుష్కరాలు ఉన్నాయి. స్నానానికే అయితే రండి, ప్రశాంతంగా తిరగడానికైతే ఆ 12 రోజులూ వదిలేయండి.

రాజమండ్రి: మొదటిసారి వచ్చేవాళ్లకి

2015లో ఈ ఊరి పేరు మార్చి రాజమహేంద్రవరం చేశారు. రైలు టికెట్ బుక్ చేసేటప్పుడు ఏ పేరు కొట్టినా ఊరు ఒకటే. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకి దీని పెద్ద లాభం రైలు. రాత్రి గౌతమి ఎక్కితే పొద్దున్న దిగుతారు. వందేభారత్ అయితే ఆరు గంటల పైచిలుకు. సొంత కారులో 400 కిలోమీటర్ల పైనే ఉంటుంది. మూడు రోజుల ప్రయాణంలో రానూపోనూ డ్రైవింగ్‌కే ఒక పగలు పోగొట్టుకోవడం దండగ. రైల్లో వచ్చి ఇక్కడ కారు మాట్లాడుకోండి.

కొవ్వూరు దాటి రైలు వంతెన మీదికి ఎక్కగానే చప్పుడు మారుతుంది. పెట్టెలో పడుకున్నవాళ్లు కూడా లేచి కిటికీ దగ్గరికి వస్తారు, పాతవాళ్లు చిల్లర నాణెం నీళ్లలోకి విసిరి దండం పెడతారు. ఈ ఊళ్లో వంతెనలు చూడటమే ఒక కార్యక్రమం. 1997లో రైళ్లు ఆపేసిన హేవలాక్ వంతెన, 1974లో మొదలైన రోడ్డు కం రైలు వంతెన, విల్లులా వంగిన కమానులతో ఉన్న ఆర్చ్ వంతెన. సాయంత్రం పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుంటే ఆ కమానుల వెనక సూర్యుడు దిగుతాడు. తర్వాత హారతి. హారతికి అరగంట ముందే వెళ్లండి, లేకపోతే ముందువాళ్ల వీపులే దర్శనం.

ధవళేశ్వరం బ్యారేజీ ఊరి నుంచి కొద్ది దూరమే. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాడు. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టింది, దానికి 175 గేట్లు. కాటన్ మ్యూజియంలో నమూనాలు, పాత పనిముట్లు ఉంటాయి. పిల్లలు ఉంటే ఒక గంట తేలిగ్గా గడిచిపోతుంది. ఇక్కడి ఊళ్లల్లో కాటన్ విగ్రహం లేని ఊరు వెతకాల్సిందే. తెల్లదొరకి ఇంత భక్తి ఏమిటా అని బయటివాళ్లకి ఆశ్చర్యం. బ్యారేజీ నుంచి కాలవ గట్టు పట్టుకుని పది కిలోమీటర్లు పచ్చటి చేల మధ్య వెళ్తే, ఆ భక్తి ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ దారి పట్టుకున్నవాళ్లు ఆత్రేయపురంలో ఆగి పూతరేకులు చేసే ఇంట్లోకి ఒకసారి తొంగి చూడండి. బోర్లించిన వేడి కుండ మీద బియ్యప్పిండి జావ ముంచిన గుడ్డని ఒక్కసారి లాగితే రేకు లేచి వస్తుంది. పాకెట్లో కొన్న పూతరేకు వేరు, చేసినచోట తిన్న పూతరేకు వేరు. కడియం నర్సరీలు కూడా ఈ పక్కనే. మొక్కలు కొనకుండా బయటపడ్డవాళ్లని నేను ఇంతవరకూ చూడలేదు.

ఇక పాపికొండల బోటు. పోలవరం పనులు మొదలయ్యాక బోటు ఎక్కే చోటు మారింది. ఒకప్పుడు పట్టిసీమ వైపు నుంచి ఎక్కేవాళ్లం. ఇప్పుడు ప్రాజెక్టుకి ఎగువన, దేవీపట్నం దారిలో గండిపోచమ్మ గుడి దగ్గర ఎక్కాలి. రాజమండ్రి నుంచి రోడ్డు మీద గంట పైనే. పొద్దున్న ఎక్కితే మధ్యాహ్నం భోజనం బోటులోనే, పేరంటపల్లిలో దిగి గుడి చూసి, దిగేసరికి సాయంత్రం. ముందే చెప్పేస్తున్నాను, మొదటి రెండు గంటలు మామూలుగా ఉంటుంది. మైకులో పాటలు, డాన్సులు. ఒడ్డున ఒకప్పుడు ఊళ్లున్న చోట ఇప్పుడు ఖాళీ గోడలు కనిపిస్తాయి. ముంపు కింద ఊళ్లకి ఊళ్లే లేచిపోయాయి. చిన్నప్పుడు ఆ రేవుల్లో బట్టలుతికే ఆడవాళ్లు బోటుకి చేయి ఊపేవాళ్లు. కొండలు దగ్గరయ్యాక మాత్రం మైకు ఆపెయ్యమని మీరే అడుగుతారు. అడగండి, తప్పు లేదు.

రాజమండ్రికి ఇంకో లాభం ఉంది. ఇది చాలామంది గమనించరు. ఇంట్లోవాళ్లు విడిపోయి తిరగడానికి వీలైన ఊరు ఈ మూడింట్లో ఇదొక్కటే. బోటు ఎక్కేవాళ్లు ఎక్కుతారు. ఎక్కలేనివాళ్లు ఆటోలో ఘాట్‌కి వెళ్లొచ్చి, రోజ్‌మిల్క్ తాగి, గదిలో కునుకు తీస్తారు. సాయంత్రం అందరూ కలుస్తారు.

లోటు కూడా చెప్పాలి. ఇది ఊరు, పెద్ద ఊరు. ట్రాఫిక్, హారన్లు, దుకాణాలు అన్నీ ఉన్నాయి. నది చప్పుడు వింటూ నిద్రపోవాలని వచ్చేవాళ్లకి ఇక్కడ నిరాశే. గోదావరి కనిపించే గది అని రాసిన హోటళ్లలో కొన్నింటికి కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. అడ్వాన్స్ కట్టే ముందు గది నుంచి తీసిన ఫోటో పంపమనండి.

మారేడుమిల్లి సంగతి

దీన్ని రాజమండ్రికి తోకలా తగిలిస్తారు గానీ నా లెక్కలో ఇది వేరే ప్రయాణం. రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా 85 కిలోమీటర్లు పైబడి ఉంటుంది. అక్కడ గోదావరి కనిపించదు. కనిపించేవి వాగులు, జలపాతాలు, అడవి. జలతరంగిణి, అమృతధార చూసి, బొంగులో చికెన్ తిని, అదే రోజు వెనక్కి వచ్చేవాళ్లు చాలామంది. తప్పేం కాదు గానీ, ఆ అడవి అసలు రుచి తెల్లారుజామున తెలుస్తుంది, మంచు వాగు మీద కూర్చున్నప్పుడు. నడవగలిగిన స్నేహితులు నలుగురు కలిస్తే బోటు మానేసి ఒక రాత్రి అక్కడే పడుకోమంటాను. అటవీశాఖ తరఫున స్థానిక ఆదివాసీలు నడిపే వసతులు ఉన్నాయి, ముందే బుక్ చేసుకోవాలి. డిసెంబర్లో చలి గట్టిగా ఉంటుంది. దారిలో ఫోన్ సిగ్నల్ పోతుంది. పోతే పోయింది.

వాగుల్లో మాత్రం జాగ్రత్త. పైకి మోకాలి లోతు కనిపించే చోట బండల కింద గుంటలు ఉంటాయి. పక్కన బోర్డు ఉంటే అక్కడ ఎవరో పోయారని అర్థం.

పాపికొండలు ఒక రోజు, మారేడుమిల్లి మరుసటి రోజు అని ప్లాన్ వేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. బోటు దిగి గది చేరేసరికి ఒళ్లు హూనమై ఉంటుంది. తెల్లారి నాలుగున్నరకి లేచి ఘాట్ రోడ్డు ఎక్కాలి, అదే రాత్రి రైలు పట్టుకోవాలి. పాతికేళ్లవాళ్లు చేయగలరు. మిగతావాళ్లకి అది శిక్ష.

భద్రాచలం: దేవుడూ, కొండలూ కావాలంటే

రామయ్య దర్శనం తప్పనిసరి అనుకునే ఇంటికి ఇక పోలిక అక్కర్లేదు, భద్రాచలమే. మిగతావాళ్లకి మాత్రం కొంచెం ఆలోచించాల్సిన ఎంపిక.

ఇక్కడికి రైలు లేదు. భద్రాచలం రోడ్ అని పేరున్న స్టేషన్ నిజానికి కొత్తగూడెంలో ఉంది. దిగాక ఇంకో 40 కిలోమీటర్లు. పేరు చూసి మోసపోయి రాత్రి పూట దిగి బిక్కమొహం వేసినవాళ్లని నేనెరుగుదును. హైదరాబాద్ నుంచి రోడ్డు మీద 310 కిలోమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి రాజమండ్రికి రైలు నెగ్గితే, ఇక్కడ కారో, రాత్రి బస్సో నెగ్గుతుంది. ఖమ్మం, సూర్యాపేట వైపు వాళ్లకైతే మరీ దగ్గర.

పాపికొండలకి ఇటు నుంచి పోచవరం రేవులో ఎక్కుతారు. భద్రాచలం నుంచి 75 కిలోమీటర్ల రోడ్డు. దారిలో కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. అక్కడ పది నిమిషాలు కారు ఆపండి, రెండు నీళ్ల రంగులు వేరుగా కనిపించే రోజులూ ఉంటాయి. పోచవరంలో బోటు ఎక్కిన కాసేపటికే కొండలు దగ్గరపడిపోతాయి. గండిపోచమ్మ నుంచి వచ్చేవాళ్లు సగం పూట ఎదురుచూసే దృశ్యం ఇటు నుంచి వచ్చేవాళ్లకి వెంటనే దొరుకుతుంది. అందుకే ఎవరైనా "పాపికొండలు మాత్రమే చూడాలి, ఊరితో పని లేదు" అంటే నేను పోచవరం వైపే చెబుతాను. బోటులో తగ్గిన సమయాన్ని రోడ్డు తినేస్తుందన్నది వేరే విషయం.

కొల్లూరు దగ్గర ఇసుక తిన్నె మీద వెదురు గుడిసెల్లో రాత్రి ఉండే ఏర్పాటు గురించి అడుగుతుంటారు. దొరికితే అద్భుతం. మంచం, దుప్పటి, చుట్టూ చీకటి, నది. బాత్రూం విషయంలో పట్టింపు ఉన్నవాళ్లు, చిన్నపిల్లలతో వచ్చేవాళ్లు వద్దు. ఆ సీజన్లో గుడిసెలు నడుస్తున్నాయో లేదో బయల్దేరే ముందు కనుక్కోవాలి, పోయినేడు ఎవరో ఉన్నారని ఈ ఏడు ఉంటాయనుకోవద్దు.

ఇంకో తమాషా. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రలో కలిసి, భద్రాచలం ఊరు తెలంగాణలో మిగిలింది. గుడి ఒక రాష్ట్రంలో, మీరు ఎక్కే బోటు రేవు ఇంకో రాష్ట్రంలో. రోజువారీ ప్రయాణానికి ఇబ్బంది లేదు గానీ, బోట్లు ఉన్నాయా లేదా అన్నది ఆంధ్ర వైపు అధికారుల చేతిలో ఉంటుంది. హోటల్లో కౌంటర్ దగ్గర అడిగి ఊరుకోకుండా బోటు వాళ్లనే అడగండి.

మిగిలిన పూటకి పర్ణశాల ఉంది, 35 కిలోమీటర్ల లోపే. ఆ ఒడ్డు ప్రశాంతంగా ఉంటుంది. సీతమ్మ నారచీరలు ఆరేసిన రాళ్లని చూపిస్తారు. పిల్లలకి రామాయణం చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు. తిరిగొచ్చేటప్పుడు ఇప్పపువ్వు లడ్డూలు దొరికితే కొనండి, ఇక్కడి ఆదివాసీ మహిళలు చేసేవి.

దిండి: ఏమీ చేయకూడదనుకునేవాళ్లకి

ముందుగా ఒక హెచ్చరిక. మ్యాప్‌లో దిండి అని కొడితే హైదరాబాద్ వాళ్లకి ముందు వచ్చేది శ్రీశైలం దారిలో ఉన్న డిండి ప్రాజెక్టు. అది కాదు. మనది కోనసీమలో, చించినాడ వంతెన పక్కన ఉన్న దిండి. పాలకొల్లు దాకా రైలుంది, అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్ల చిల్లర. నర్సాపురం రైలు ఎక్కి పాలకొల్లులో దిగి, క్షీరారామం చూసుకుని మరీ వెళ్లొచ్చు. విజయవాడ నుంచి కారులో భీమవరం మీదుగా 150 కిలోమీటర్లు, దారంతా చేపల చెరువులు.

ఇక్కడ కొండ లేదు, జలపాతం లేదు, తప్పక చూడాల్సిన జాబితా లేదు. కొబ్బరిచెట్ల కింద కుర్చీ వేసుకుని వశిష్ఠని చూస్తూ కూర్చోవడమే పని. మా చుట్టాల్లో ఒకాయన రెండు రోజులున్నాక "ఇంతేనా?" అన్నాడు. ఆయన భార్య "ఇంకో రోజు ఉందాం" అంది. మీరు వాళ్లిద్దరిలో ఎవరో ముందే తెలుసుకుని రండి.

హౌస్‌బోటు కేరళ నమూనాది. అడగాల్సిన ప్రశ్నలు రెండు. ప్రస్తుతం నడుస్తోందా, నడిస్తే ఎన్ని గంటలు కదులుతుంది? రాత్రంతా నది మీద సాగిపోతామని ఊహించుకుని వస్తారు చాలామంది. చీకటి పడ్డాక ఒడ్డున కట్టేస్తారు. నా సలహా అడిగితే రాత్రికి మామూలు గది తీసుకుని, పగలు రెండు గంటల బోటు షికారుతో సరిపెట్టుకోండి. ఖర్చు బాగా తగ్గుతుంది, దోమలు కూడా.

చేయడానికేదైనా కావాలంటే సైకిల్. నేల బల్లపరుపు, కాలవ గట్లన్నీ నీడ. పొద్దున్న ఆరింటికి బయల్దేరితే కొబ్బరికాయలు దింపేవాళ్లు, బడికెళ్లే పిల్లలు, పాల క్యాన్లు తప్ప వేరే రద్దీ ఉండదు. సాయంత్రానికి అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి గుడి, లైట్‌హౌస్, ఆ పైన వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు. దాన్ని అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి వచ్చిన నదికి అదే చివర. దిగొద్దు, స్నానం చేయొద్దు. నదీ సముద్రమూ కలిసే చోట ప్రవాహం ఎటు లాగుతుందో ఈత వచ్చినవాళ్లకీ అర్థం కాదు.

భోజనానికి ఈ మూడింట్లో దిండి వైపుకే నా ఓటు. పండుగప్ప వేపుడు, కొర్రమేను పులుసు, బొమ్మిడాయిల ఇగురు. మాంసాహారం తిననివాళ్లకి పనసపొట్టు కూర. రిసార్ట్ మెనూలో ఇవేవీ లేకపోతే బయట మెస్సుల్లో అడగండి. ముందురోజు చెబితే వండిపెట్టే ఇళ్లు కూడా ఉంటాయి.

రాఫ్టింగ్ కావాలా?

అయితే గోదావరికి రావొద్దు. తెల్ల నురగల్లో రబ్బరు పడవ ఎగిరిపడే సరదా ఈ మూడు ఊళ్లల్లోనూ లేదు. దానికి కర్ణాటకలో కాళీ నది మీద దండేలి వెళ్లాలి. హైదరాబాద్ నుంచి 500 కిలోమీటర్లు దాటుతుంది, హుబ్బళ్లి దాకా రైల్లో వెళ్లి అక్కడి నుంచి కారు. రెండు రాత్రులు చాలవు, మూడు పెట్టుకోండి. ఎగువ డ్యామ్ నుంచి నీళ్లు వదిలితేనే రాఫ్టింగ్, కాబట్టి అదీ అడిగే వెళ్లాలి. పుట్టి ఎక్కి గిరగిరా తిరిగితే చాలనుకుంటే హంపి దగ్గర తుంగభద్ర చాలు, రాత్రి రైలెక్కితే పొద్దున్నే హోస్పేట.

బోటు ఎక్కే ముందు

ఎవరి బోటైనా సరే, లైఫ్ జాకెట్ ఎక్కినప్పుడు వేసుకుని దిగేదాకా తీయొద్దు. ఉక్కగా ఉందని విప్పి కుర్చీ మీద పెట్టిన జాకెట్ ఎవరికీ పనికిరాదు. పిల్లలకి పిల్లల సైజు అడగండి. పెద్దవాళ్లది ఎంత బిగించి వేసినా నీళ్లలో పడగానే తల మీదుగా జారిపోతుంది. కొండలు రాగానే ఫోటోల కోసం అందరూ ఒకే వైపుకి పరుగెడతారు, బోటు ఒరుగుతుంది. అలాంటప్పుడు రెండో వైపు కూర్చోండి, కొండలు అటు కూడా ఉన్నాయి. ఆధార్ కార్డులు పట్టుకెళ్లండి, పేర్లు రాసుకుంటారు. టికెట్ ధర పోల్చేటప్పుడు ఊరి నుంచి రేవు దాకా బండి, టిఫిన్, భోజనం కలిపి చెప్పారా, విడిగానా అని చూసుకోవాలి. చవకగా కనిపించిన టికెట్ చివరికి ఎక్కువ పడటం మామూలే.

మా మేనల్లుడి విషయానికొస్తే, మొత్తానికి రాజమండ్రి ఖాయం చేశాడు. డిసెంబర్ కాబట్టి బోటు దొరుకుతుంది. మొదటి రోజు అందరూ కలిసి బ్యారేజీ, సాయంత్రం హారతి. రెండో రోజు వాడూ వాడి భార్యా పాపికొండలకి వెళ్తారు. అమ్మా పాపా గదిలో. నేను మా ఊరి నుంచి వచ్చి వాళ్లిద్దరినీ కడియం తీసుకెళ్లాలట, డ్యూటీ వేసేశారు. మూడో రోజు మధ్యాహ్నం దాకా ఖాళీ. అది ఖాళీగానే ఉంచమన్నాను. మారేడుమిల్లి పేరు మళ్లీ ఎత్తబోతే వాడి భార్యే ఫోన్ లాక్కుంది.

చివర్లో ఇంకో ప్రశ్న అడిగాడు. "మావయ్యా, పులస దొరుకుతుందా?" పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత ఉంది కానీ, అది వరద నీళ్లకి సముద్రంలోంచి ఎదురీదుకుంటూ వచ్చే చేప. దాని కాలం శ్రావణ భాద్రపదాలు. డిసెంబర్లో ఎవరైనా పులస పులుసని వడ్డిస్తే, పులుసు తిను, పులస బిల్లు మాత్రం కట్టకు అన్నాను.